పాల కేంద్రం డబ్బాలో కాన్ఫిగ్ వేట: ఎక్స్‌ట్రాక్ట్-ఐకేకాన్ఫిగ్ స్క్రిప్టు రివ్యూ

చిత్తూరు పక్క పల్లెల్లో పాల కేంద్రానికి వెళ్తే బల్ల మీద ఎనలైజర్ ఒకటి కనపడుతుంది. కాసిని పాలు పెడితే ఫ్యాట్ ఎంతో, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థం) ఎంతో చూపిస్తుంది. ఆ అంకెల్ని చేత్తో రాసుకోకుండా నేరుగా లెక్కలోకి ఎక్కించాలంటే ఎనలైజర్ వెనకున్న సీరియల్ పోర్టును యూఎస్‌బీ కేబుల్‌తో ఏదో ఒక లైనక్స్ డబ్బాకు కలపాలి. ఆ డబ్బా కోసం కొత్త కంప్యూటర్ ఎవరూ కొనరు. తిరుపతిలో సెకండ్‌హ్యాండ్‌లో దొరికిన ఆండ్రాయిడ్ టీవీ బాక్సో, లాడ్జిలో కెమెరాలు మార్చేటప్పుడు పక్కన పడేసిన రికార్డరో ఆ పనికి వస్తుంది.

కేబుల్ గుచ్చితే డీమెసేజ్‌లో (కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్) 1ఏ86:7523 అని కొత్త పరికరం ఐడీ పడుతుంది. మనం చదవాల్సిన సీరియల్ పోర్టు, టీటీవైయూఎస్‌బీ0, మాత్రం పుట్టదు. అంటే కేబుల్‌లోని సీహెచ్340 చిప్ కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) కంటపడింది గానీ దాన్ని నడిపే డ్రైవర్ లోపల లేదు. ఆ ఒక్క డ్రైవర్‌ను మాడ్యూల్‌గా, అంటే కెర్నెల్‌కు విడిగా తగిలించే ముక్కగా కంపైల్ చేసి ఎక్కించొచ్చా? ఈ ప్రశ్నకు జవాబు ఆ కెర్నెల్‌ను బిల్డ్ చేసినప్పుడు వాడిన డాట్ కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైల్లో ఉంటుంది. ఆ ఫైలు విడిగా డబ్బాతో పాటు రాదు. అమ్మినచోట "అన్నా, దీని సోర్స్ దొరుకుతుందా?" అని అడిగితే "అడాప్టర్ అయితే ఉంది సామీ" అంటారు.

ఇలాంటప్పుడు చేతిలోకి తీసుకోవాల్సింది లైనక్స్ సోర్స్‌తోనే వచ్చే ఎక్స్‌ట్రాక్ట్-ఐకేకాన్ఫిగ్. కెర్నెల్ ఇమేజ్ (బిల్డ్ అయిన కెర్నెల్ ఫైలు) లోపల దాగిన కాన్ఫిగ్‌ను ఇది బయటికి తీస్తుంది. సోర్స్ చెట్టులో స్క్రిప్ట్స్ అనే ఫోల్డర్లో ఉంటుంది. చిన్న షెల్ స్క్రిప్టు. పైన 2009, 2010 సంవత్సరాలతో డిక్ స్ట్రీఫ్‌ల్యాండ్ పేరు మీద కాపీరైట్ గీత ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసే పని లేదు, ఆ ఒక్క ఫైలును కాపీ చేసుకున్నా నడుస్తుంది. మా మార్కులు అయిదుకు నాలుగు. దొరికినప్పుడు దీనంత నిక్కచ్చి పనిముట్టు ఇంకోటి లేదు. దొరకనప్పుడు మాత్రం ఎందుకు దొరకలేదో చెప్పదు. ఆ పోయిన ఒక్క మార్కు గురించే ఈ రివ్యూలో ఎక్కువ భాగం.

ఒక మాట. కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, చిన్నబడి పెద్దబడి తేడా చూసుకోవాలి.

ముందు డబ్బానే అడగండి

స్క్రిప్టు దాకా వెళ్లే ముందు నడుస్తున్న డబ్బాలో ఒక్క కమాండ్ కొట్టి చూడండి: జెడ్‌క్యాట్ /ప్రాక్/కాన్ఫిగ్.జీజెడ్. కెర్నెల్‌లో ఐకేకాన్ఫిగ్ (కాన్ఫిగ్‌ను కెర్నెల్‌లోనే దాచేది), ఐకేకాన్ఫిగ్_ప్రాక్ (దాన్ని /ప్రాక్ కింద చూపేది) అనే రెండు ఆప్షన్లూ ఆన్‌లో ఉంటే కాన్ఫిగ్ మొత్తం తెర మీదికి వస్తుంది. దాని ఫైల్ పర్మిషన్ అందరూ చదివేలా ఉంటుంది కాబట్టి మామూలు లైనక్స్‌లో రూట్ అధికారం కూడా అక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో అప్‌డేట్ల పొంతన చూసుకోవడానికి సిస్టమే ఈ ఫైలును చదువుతుంది. అందుకని టీవీ బాక్సుల్లో, ఫోన్లలో ఇది తరచూ ఉంటుంది, కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్‌కు కమాండ్లు పంపే ఏడీబీ షెల్ నుంచి చాలావాటిలో తెరుచుకుంటుంది కూడా. ఆర్చ్ లైనక్స్‌లో సిద్ధంగా ఉంటుంది.

రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్లు ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ కెర్నెల్‌లో ఐకేకాన్ఫిగ్ మాడ్యూల్‌గా ఉంటుంది. మొదట చూస్తే ప్రాక్ కింద ఫైలు ఉండదు. సుడో మోడ్‌ప్రోబ్ కాన్ఫిగ్స్ అని కొట్టాక ప్రత్యక్షమవుతుంది. ఉబుంటు, డెబియన్ దారి వేరు. వాటి కెర్నెల్‌లో ఐకేకాన్ఫిగ్ అసలు పెట్టరు, అదే విషయాన్ని /బూట్ ఫోల్డర్లో కెర్నెల్ వెర్షన్ పేరుతో మామూలు టెక్స్ట్ ఫైలుగా ఇస్తారు. కాలేజీ ల్యాబు ఉబుంటు మీద ఈ స్క్రిప్టు నడిపి "ఇది పని చేయడం లేదు సార్" అనే విద్యార్థులకు జవాబు ఇదే. అక్కడ తవ్వడానికి ఏమీ లేదు, పక్కనే పెట్టి ఉంది.

మరి స్క్రిప్టు అవసరం ఎక్కడ? మూడు చోట్ల. ఐకేకాన్ఫిగ్ ఆన్‌లో ఉండి ప్రాక్ వైపు తలుపు మూసేసినప్పుడు. డబ్బా బూట్ కానప్పుడు. ఫర్మ్‌వేర్ ఫైలు మాత్రమే చేతిలో ఉన్నప్పుడు.

లోపల ఏం జరుగుతుంది

ఐకేకాన్ఫిగ్ ఆన్ చేసి బిల్డ్ చేస్తే డాట్ కాన్ఫిగ్ ఫైలు మొత్తాన్ని జీజిప్‌తో కుదించి, ముందు ఐకేసీఎఫ్‌జీ_ఎస్‌టీ అని, వెనక ఐకేసీఎఫ్‌జీ_ఈడీ అని ఎనిమిదేసి అక్షరాల గుర్తులు పెట్టి కెర్నెల్ డేటాలో కలిపేస్తారు. లడ్డు విరిస్తే కలకండ పలుకు తగిలినట్టు, ఇమేజ్‌ను వెతికితే ఈ గుర్తు తగులుతుంది. గుర్తు వెనువెంటనే జీజిప్ మొదలు, అంటే 1ఎఫ్, 8బీ, 08 అనే మూడు బైట్లు ఉంటాయి. స్క్రిప్టు వెతికేది ఈ పదకొండు బైట్ల వరసనే. అందువల్ల ఐకేసీఎఫ్‌జీ అనే మాట ఇంకెక్కడో ఊరికే కనపడినా మోసపోదు.

వెతికే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. అక్షరాల్ని మార్చే టీఆర్ కమాండ్‌తో గుర్తులోని మొదటి అక్షరం 'ఐ'ని కొత్త వరసగా (న్యూలైన్), మిగతా పది బైట్లను 0 నుంచి 9 వరకు అంకెలుగా మార్చేస్తుంది. అసలు ఫైల్లో ఉన్న కొత్త వరసల్ని, అంకెల్ని సమానం గుర్తుగా చేసేస్తుంది. ఇంకేముంది, వరస మొదట్లో 0123456789 ఎక్కడుందో మాటలు వెతికే గ్రెప్‌ను అడిగితే చాలు. ఈ తిప్పలన్నీ ఎందుకంటే పాత గ్రెప్‌లు మాట ఉన్న చోటును కాకుండా ఆ వరస మొదలైన చోటును చెప్పేవి. మాట ఎప్పుడూ వరస మొదట్లోనే ఉండేలా చేస్తే రెండూ ఒకటే అవుతాయి. చదువుకునే పిల్లలకు షెల్ నేర్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

ఇమేజ్‌లో నేరుగా గుర్తు దొరక్కపోతే రెండో దశ మొదలవుతుంది. కెర్నెల్ ఇమేజ్‌లు సాధారణంగా కుదించి ఉంటాయి కదా. జీజిప్, ఎక్స్‌జెడ్, బీజిప్2, ఎల్‌జెడ్‌ఎంఏ, ఎల్‌జెడ్‌ఓ, ఎల్‌జెడ్4, జెడ్‌స్టాండర్డ్ ఇలా ఏడు రకాల మొదలు గుర్తుల్ని ఒక్కొక్కటిగా వెతుకుతుంది. ఎక్కడ కనపడితే అక్కడి నుంచి విప్పి, విప్పిన దాంట్లో మళ్లీ ఐకేసీఎఫ్‌జీ కోసం చూస్తుంది. దీనివల్ల ఒక పెద్ద సుఖం ఉంది. యూఇమేజ్ ముందున్న 64 బైట్ల హెడరు, ఆండ్రాయిడ్ బూట్ ఇమేజ్ ముందున్న పేజీ, ఇవేవీ మనం కోసి తీసేయనక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు ఇచ్చేయొచ్చు:

స్క్రిప్ట్స్/ఎక్స్‌ట్రాక్ట్-ఐకేకాన్ఫిగ్ బూట్.ఇమేజ్ > దొరికిన.కాన్ఫిగ్

కుదించని కెర్నెల్ ఫైలు (విఎంలైనక్స్) చేతిలో ఉండి స్క్రిప్టు లేకపోతే చేత్తోనూ తీయొచ్చు. గ్రెప్‌కు ఏ, బీ, ఓ ఆప్షన్లు మూడూ ఇచ్చి ఐకేసీఎఫ్‌జీ_ఎస్‌టీ అని వెతకండి. ఒక అంకె వస్తుంది. దానికి 9 కలిపి, టెయిల్ -సీ తర్వాత ప్లస్ గుర్తుతో ఆ అంకె ఇచ్చి, జెడ్‌క్యాట్‌లోకి పంపండి. ఎనిమిది కాకుండా తొమ్మిది ఎందుకంటే గ్రెప్ సున్నా నుంచి లెక్కపెడుతుంది, టెయిల్ ఒకటి నుంచి లెక్కపెడుతుంది. ఇక్కడ ఒక్క బైటు తప్పితే జెడ్‌క్యాట్ ఇది జీజిప్ ఫైలు కాదంటుంది. అన్నీ సరిగా ఉంటే చివర్లో "వెనకాల చెత్త ఉంది, వదిలేశాను" అనే అర్థంలో ఒక హెచ్చరిక ఇస్తుంది. భయపడకండి. కాన్ఫిగ్ అయిపోయాక మిగతా కెర్నెల్ అంతా ఆ జెడ్‌క్యాట్ కంటికి చెత్తే. స్క్రిప్టు కూడా ఈ హెచ్చరికకు వచ్చే 2 అనే ఎగ్జిట్ కోడ్‌ను విజయంగానే లెక్కేస్తుంది, 1 వస్తేనే ఓటమి.

"దొరకలేదు" అన్నప్పుడు

ఓటమికి స్క్రిప్టు దగ్గర ఉన్నది ఒకే ఒక్క వాక్యం. కెర్నెల్ కాన్ఫిగ్ కనపడలేదు, అంతే. దాన్ని చూసి "ఓహో, తయారీవాడు ఐకేకాన్ఫిగ్ పెట్టలేదు" అని తేల్చేయడం సర్వసాధారణంగా జరిగే పొరపాటు. ఆ వాక్యం వెనక కనీసం అయిదు వేర్వేరు సంగతులు ఉండొచ్చు.

చవగ్గా తేలిపోయేది మొదట చూడండి. మీ కంప్యూటర్లో విప్పే ప్రోగ్రాములు ఉన్నాయా? ఎల్‌జెడ్‌ఓపీ, ఎల్‌జెడ్4, జెడ్‌స్టాండర్డ్ ప్యాకేజీలు చాలా మిషన్లలో మొదట్నుంచీ ఉండవు. స్క్రిప్టు విప్పే ప్రోగ్రాముల తప్పుల సందేశాలన్నిటినీ /డెవ్/నల్ అనే చెత్తబుట్టలోకి తోసేస్తుంది. కాబట్టి "ఎల్‌జెడ్4 కమాండ్ లేదు" అన్న కేక కూడా మీదాకా రాదు. గమ్మున తర్వాతి దానికి వెళ్లిపోయి చివరికి కాన్ఫిగ్ లేదనేస్తుంది. కొత్త ఆండ్రాయిడ్ బాక్సుల బూట్ ఇమేజ్‌లో ఎల్‌జెడ్4 తగలడం మామూలే కాబట్టి ఈ దెబ్బ ఎక్కువగా అక్కడే తగులుతుంది. ఉబుంటులో అయితే ఏపీటీ ఇన్‌స్టాల్‌తో ఈ మూడూ వేసుకుని మళ్లీ నడపండి. ఇంకో మాట, పాత కెర్నెల్ సోర్స్‌లోంచి తీసిన స్క్రిప్టుకు జెడ్‌స్టాండర్డ్ తెలియదు. కొత్త సోర్స్‌లోని కాపీ వాడండి. స్క్రిప్టు వెర్షన్‌కూ మీరు తవ్వే కెర్నెల్ వెర్షన్‌కూ సంబంధం లేదు.

మాడ్యూల్ సంగతి రెండోది. రాస్ప్‌బెర్రీ పై లాగా ఐకేకాన్ఫిగ్ మాడ్యూల్‌గా ఉంటే ఇమేజ్‌లో గుర్తు ఉండదు, మాడ్యూళ్ల ఫోల్డర్లోని కాన్ఫిగ్స్.కేఓ ఫైల్లో ఉంటుంది. ఆ ఫైలునే స్క్రిప్టుకు ఇవ్వండి. అది ఎక్స్‌జెడ్‌తో కుదించి ఉన్నా పర్వాలేదు, దాన్నీ విప్పుకుంటుంది.

మూడోది, రౌటర్లతో కుస్తీ పట్టేవాళ్లకు తగిలేది, ఎల్‌జెడ్‌ఎంఏ కుదింపు. ఈ పద్ధతికి జీజిప్ లాగా స్థిరమైన గుర్తు లేదు. మొదటి బైటు ఎల్‌సీ, ఎల్‌పీ, పీబీ అనే మూడు సెట్టింగుల నుంచి లెక్కకట్టింది: పీబీని అయిదుతో హెచ్చించి ఎల్‌పీ కలిపి, దాన్ని తొమ్మిదితో హెచ్చించి ఎల్‌సీ కలపాలి. మామూలు సెట్టింగులు ఎల్‌సీ 3, ఎల్‌పీ 0, పీబీ 2 అయితే 93, అంటే హెక్సాలో 5డీ. స్క్రిప్టు వెతికేది 5డీ, తర్వాత మూడు సున్నా బైట్లు. రౌటర్ల లైనక్స్ అయిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఇమేజ్‌లను ఎల్‌సీ 1, ఎల్‌పీ 2, పీబీ 2 పెట్టి కుదించే అలవాటుంది. అప్పుడు లెక్క 109, హెక్సాలో 6డీ. ఇది స్క్రిప్టు కంటికి ఆనదు. పైగా ఆ మొదటి బైటు తర్వాత నాలుగు బైట్లు డిక్షనరీ సైజు. అది 8 మెగాబైట్లయితే ఆ నాలుగూ 00 00 80 00 అవుతాయి. అంటే మొదటి బైటు 5డీ అయినా "మూడు సున్నాలు" కుదరవు, చేప తప్పించుకుంటుంది.

మందు తేలికే. స్క్రిప్టు కాపీలో అన్‌ఎల్‌జెడ్‌ఎంఏ ఉన్న వరసను రెండుసార్లు నకలు చేసుకోండి. ఒకదాంట్లో గుర్తును \135\0\0 గా, ఇంకోదాంట్లో \155\0\0 గా మార్చండి. పక్కనున్న మూడు ఎక్స్‌లను రెండు చేయండి. 135, 155 అనేవి 5డీ, 6డీల ఆక్టల్ రూపాలు. గుర్తు పొట్టిది అయ్యేకొద్దీ తప్పుడు తగలడాలు పెరుగుతాయి, ప్రతి తగలడానికీ అక్కడి నుంచి చివరిదాకా విప్పే ప్రయత్నం చేస్తుంది. 8 మెగాబైట్ల రౌటర్ ఇమేజ్ మీద ఓపిక పట్టొచ్చు. 8 గిగాబైట్ల ఈఎంఎంసీ (డబ్బాలోని నిల్వ చిప్) ఇమేజ్ మొత్తం ఇస్తే మాత్రం కాఫీ తాగి వచ్చినా పని తెమలదు. ముందు బూట్ పార్టిషన్ ఒక్కటి కోసుకోవాలి.

నాలుగోది డంప్, అంటే చిప్‌లోంచి చదివి తీసిన కాపీ, చెడిపోవడం. బూట్ కాని రౌటర్ల నుంచి, రికార్డర్ల నుంచి ఫ్లాష్ చిప్‌ను సీహెచ్341ఏ ప్రోగ్రామర్ అనే చిన్న బోర్డుతో చదువుతారు. పాల కేంద్రం కేబుల్‌లోని సీహెచ్340కి ఇది దగ్గర చుట్టమే, ఒకే కంపెనీ సరుకు. ఎనిమిది కాళ్ల చిప్‌కు క్లిప్ పెట్టి ఫ్లాష్‌రోమ్ అనే ప్రోగ్రాంతో రెండుసార్లు చదివి, రెండు ఫైళ్ల షా256 (ఫైలు వేలిముద్ర లాంటి అంకె) సరిపోల్చాలి. తేడా వస్తే క్లిప్ సరిగా కూర్చోలేదని అర్థం. డబ్ల్యూ25క్యూ64 అయితే ఫైలు సరిగ్గా 83,88,608 బైట్లు, డబ్ల్యూ25క్యూ128 అయితే 1,67,77,216 బైట్లు ఉండాలి. కుదించిన ఇమేజ్ మధ్యలో ఒక్క బిట్ తారుమారైతే అక్కడి నుంచి విప్పడం ఆగిపోవచ్చు, కాన్ఫిగ్ ఆ తర్వాత ఉంటే మనకు చిక్కకపోవచ్చు. నల్ల బోర్డు ప్రోగ్రామర్లలో కొన్ని 3.3 వోల్టుల చిప్‌కు డేటా తీగల మీద 5 వోల్టులు పంపుతాయి. మల్టీమీటర్‌తో చూసుకోకుండా క్లిప్ పెట్టొద్దు.

ఈ నాలుగూ దాటాక, విప్పిన విఎంలైనక్స్‌లో కూడా గుర్తు లేకపోతే అప్పుడు నిజంగానే ఐకేకాన్ఫిగ్ లేదు. ఫ్లాష్‌లో పదుల కిలోబైట్లు మిగులుతాయని కొందరు తీసేస్తారు. విప్పిన ఇమేజ్ చేతికి రావాలంటే పక్కనే ఎక్స్‌ట్రాక్ట్-విఎంలైనక్స్ అనే స్క్రిప్టు ఉంది. 2011లో కొరెంటిన్ షారీ దీన్ని ఈ స్క్రిప్టు నమూనా మీదే రాశారు. అది ఈఎల్‌ఎఫ్ (లైనక్స్ ప్రోగ్రాం ఫైళ్ల ఫార్మాట్) ఫైలు దొరికితేనే ఒప్పుకుంటుంది. ఆర్మ్ ప్రాసెసర్ల ఇమేజ్ విప్పితే వచ్చేది ఈఎల్‌ఎఫ్ కాదు కాబట్టి అక్కడ ఫర్మ్‌వేర్ ఫైళ్లను పరిశీలించే బిన్‌వాక్ మేలు. బిన్‌వాక్ కుదింపు గుర్తులతో పాటు ఎల్‌జెడ్‌ఎంఏ మొదటి బైటు, డిక్షనరీ సైజు కూడా రాసి చూపిస్తుంది. పైన చెప్పిన 6డీ సంగతి అక్కడ ఒక్క చూపులో తేలిపోతుంది.

దొరికిందే, కానీ దీనిదేనా?

ఇంకో లోపం, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. స్క్రిప్టు మొదట ఏది తగిలితే అది ఇచ్చేసి వెళ్లిపోతుంది. పూర్తి ఫ్లాష్ డంప్‌లో రెండు కెర్నెళ్లు ఉండొచ్చు, ఒకటి మామూలుది, ఒకటి రికవరీది. రికవరీ కెర్నెల్ కాన్ఫిగ్ పట్టుకుని గంటలు పోగొట్టుకోవడం తేలిక. కాన్ఫిగ్ మొదటి వరసల్లో "లైనక్స్/ఆర్మ్64 4.9.113 కెర్నెల్ కాన్ఫిగరేషన్" లాంటి వరస ఉంటుంది. డబ్బాలో యూనేమ్ -ఆర్ చెప్పే వెర్షన్‌తో అది కలవాలి. కొత్త కెర్నెళ్లలో సీసీ_వెర్షన్_టెక్స్ట్ అనే వరస ఏ కంపైలర్‌తో బిల్డ్ చేశారో కూడా చెబుతుంది. దాన్ని /ప్రాక్/వెర్షన్‌తో పోల్చండి.

ఫైలు చేతికొచ్చింది. మన పాల కేంద్రం ప్రశ్నకు జవాబు అయిదారు వరసల్లో ఉంది. మాడ్యూల్స్ వై (ఆన్) అని ఉండాలి. లేకపోతే ఆట అక్కడితో ముగిసింది, కెర్నెల్ మొత్తం మార్చాలి. యూఎస్‌బీ_సీరియల్ వై గానీ ఎం (మాడ్యూల్) గానీ ఉంటే సగం పని అయినట్టే. యూఎస్‌బీ_సీరియల్_సీహెచ్341 దగ్గర "ఈజ్ నాట్ సెట్" అని ఉంటుంది, అందుకే మనం ఇక్కడున్నాం. సీహెచ్340 చిప్‌కు కూడా డ్రైవర్ పేరు సీహెచ్341 అనే ఉంటుంది, సీహెచ్340 అని వెతికితే దొరకదు. మాడ్యూల్_సిగ్_ఫోర్స్ వై అయితే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నెల్ గడప దాటనివ్వదు. మోడ్‌వెర్షన్స్ (కెర్నెల్‌కూ మాడ్యూల్‌కూ పొంతన చూసే తనిఖీ) వై అయితే కాన్ఫిగ్ ఒక్కటే చాలదు, అసలు బిల్డ్‌లోని మాడ్యూల్.సిమ్‌వర్స్ ఫైలు కూడా కావాలి. మాడ్యూల్ బిల్డుకు సోర్స్‌ను సిద్ధం చేసే మేక్ మాడ్యూల్స్_ప్రిపేర్ ఆ ఫైలును తయారు చేయదు. కెర్నెల్ మొత్తం బిల్డ్ చేస్తేనే వస్తుంది, అదీ తయారీవాడి సోర్స్‌తో సరిపోలితేనే. కలవకపోతే "మాడ్యూల్_లేఅవుట్ వెర్షన్ కుదరడం లేదు" అని డీమెసేజ్‌లో తిట్టు పడుతుంది.

బిల్డ్ దగ్గర అందరూ పడే గొయ్యి ఒకటుంది. దొరికిన కాన్ఫిగ్‌ను సోర్స్‌లో డాట్ కాన్ఫిగ్‌గా పెట్టి, పాత కాన్ఫిగ్‌ను ఈ సోర్స్‌కు సర్దే మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్‌ను ఊరికే కొడతారు. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ ఎక్స్86, డబ్బాది ఆర్మ్ కాబట్టి కెర్నెల్ సెట్టింగులు చూసే కేకాన్ఫిగ్ ఆ ఆర్మ్ కాన్ఫిగ్‌ను ఎక్స్86కి అనువదించి పారేస్తుంది, సగం వరసలు మాయం. చప్పుడు చేయదు, తప్పని చెప్పదు. ప్రతి మేక్ కమాండ్‌కూ ఏఆర్‌సీహెచ్=ఆర్మ్64, క్రాస్_కంపైల్=ఏఆర్చ్64-లైనక్స్-గ్నూ- రెండూ ఇవ్వాలి. దొరికిన అసలు ఫైలును వేరే పేరుతో దాచుకోండి. తర్వాత స్క్రిప్ట్స్ ఫోల్డర్లోని డిఫ్‌కాన్ఫిగ్‌తో పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చితే ఏం పోయిందో కనపడుతుంది. మీ సోర్స్‌కు తెలియని ఆప్షన్లు, అంటే తయారీవాడు సొంతంగా కలిపినవి, ఇలాగే కొట్టుకుపోతాయి. ఆ పేర్లే మీరు వాడుతున్న సోర్స్ అసలుదానికి ఎంత దూరమో చెప్పే ఆనవాళ్లు.

ఉబుంటు కాన్ఫిగ్ తీసుకుని సొంత కెర్నెల్ బిల్డ్ చేసేవాళ్లకు ఇంకో అడ్డం: డెబియన్/కెనానికల్-సర్ట్స్.పెమ్ తయారు చేసే దారి తెలియదని మేక్ ఆగిపోతుంది. సిస్టమ్_ట్రస్టెడ్_కీస్, సిస్టమ్_రివొకేషన్_కీస్ రెండిటిలోనూ ఖాళీ మాట పెడితే సరిపోతుంది.

వెర్‌మ్యాజిక్ అనే చాదస్తం కూడా ఉంది. మాడ్యూల్‌లోని వెర్షన్ మాట, కెర్నెల్ వెర్షన్ మాట సాధారణంగా అక్షరం పొల్లు పోకుండా ఒకటే అయి ఉండాలి. గిట్‌లో ఉన్న సోర్స్‌తో బిల్డ్ చేస్తే చివర ప్లస్ గుర్తో, గిట్ హ్యాష్ ముక్కో అతుక్కుంటుంది. లోకల్‌వెర్షన్_ఆటో తీసేసి, లోకల్‌వెర్షన్‌లో డబ్బా చెప్పే తోకను అచ్చంగా పెట్టి, మేక్‌కు లోకల్‌వెర్షన్= అని ఖాళీగా ఇస్తే ప్లస్ కూడా పోతుంది. బిల్డ్ అయ్యాక మోడ్‌ఇన్ఫోతో వెర్‌మ్యాజిక్ చూసి, డబ్బాలో ఇప్పటికే ఉన్న ఏదైనా కేఓ ఫైలుతో పోల్చుకుంటే ఎక్కించకముందే సంగతి తెలిసిపోతుంది.

కాన్ఫిగ్ దొరికినంత మాత్రాన సోర్స్ దొరికినట్టు కాదు. డివైస్ ట్రీ (హార్డ్‌వేర్ వివరాల పట్టిక), తయారీవాడి ప్యాచ్‌లు అందులో ఉండవు. వాటిని అడిగే హక్కు లైనక్స్ లైసెన్సు అయిన జీపీఎల్ రెండో వెర్షన్ ఇస్తుంది. బైనరీ పంచేవాడు సోర్స్‌తో పాటు కంపైల్, ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టులనూ ఇవ్వాలని మూడో సెక్షన్ చెబుతుంది. సోర్స్ వెంట ఇవ్వకుండా రాతపూర్వక హామీ మీద అమ్మితే ఆ హామీ కనీసం మూడేళ్లు చెల్లాలి. తయారీవాడికి మెయిల్ రాసేటప్పుడు దొరికిన కాన్ఫిగ్‌ను జతచేస్తే "మా దాంట్లో లైనక్స్ లేదు" అనే జవాబుకు తావుండదు. డబ్బాలో బిజీబాక్స్ (చిన్న కమాండ్లన్నీ ఒకే ప్రోగ్రాంలో ఉండేది) ఉంటే బీబీకాన్ఫిగ్ అని కొట్టి చూడండి. ఆ ఆప్లెట్ పెట్టి ఉంటే బిజీబాక్స్ బిల్డ్ సెట్టింగులు కూడా బయటపడతాయి, అదీ మెయిల్‌లోకి పనికొస్తుంది.

చివరి మెట్టు. స్క్రిప్ట్స్/కాన్ఫిగ్‌తో యూఎస్‌బీ_సీరియల్_సీహెచ్341ను మాడ్యూల్‌గా పెట్టి, మేక్ ఎం=డ్రైవర్స్/యూఎస్‌బీ/సీరియల్ మాడ్యూల్స్ అని కొడితే ఆ ఫోల్డర్ ఒక్కటే కంపైల్ అవుతుంది. యూఎస్‌బీ_సీరియల్ కూడా మాడ్యూల్‌గానే ఉంటే ఇన్స్‌మోడ్‌తో ముందు యూఎస్‌బీసీరియల్.కేఓ, తర్వాత సీహెచ్341.కేఓ ఎక్కించాలి. తిరగేస్తే "తెలియని సింబల్" అని మొరాయిస్తుంది. కేబుల్ తీసి మళ్లీ గుచ్చండి, టీటీవైయూఎస్‌బీ0 వస్తుంది. ఎస్‌టీటీవైతో ఎనలైజర్ పుస్తకంలో రాసి ఉన్న బాడ్ రేటు (సీరియల్ పోర్టు వేగం) పెట్టి క్యాట్ చేస్తే ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ అంకెలు వరసగా పడతాయి. అంకెలకు బదులు పిచ్చిగీతలు పడితే మళ్లీ కాన్ఫిగ్ మీద పడకండి, బాడ్ రేటు సరిచూసుకోండి.